మోతీ, మోతీగారు

ఓల్డ్ రాజిందర్ నగర్, ఢిల్లీ
11 జనవరి 1981, ఆదివారం

ప్రియమైన పెద్దమ్మకు,

ఈవేళ ఆదివారమని నాకంటే ముందు రవ్వకు తెలిసింది. కళ్లు తెరిచేసరికి గొలుసు నోట కరుచుకుని మంచం పక్కన కూర్చుని ఉంది. నిన్నటిదాకా ఎనిమిది దాటితే గాని రజాయిలోంచి మూతి బయట పెట్టలేదు. నువ్వు వైద్యానికి వెల్లూరు వెళ్లి పది రోజులైంది, ఈ పది రోజుల్లో దానికి వారాల పేర్లు ఎవరు నేర్పారో తెలియదు. కింద మన ఇంటావిడ భసీన్ ఆంటీని అడిగితే, "బేటీ, నీకు పరీక్షలకు చదువు కావాలి. దానికి ముక్కు చాలు" అంది.

నిజం చెప్పొద్దూ, నీ కుక్కను చూసుకోవడానికి హాస్టల్ ఖాళీ చేసి ఈ మేడగదికి వచ్చినప్పుడు కొంచెం ఏడుపొచ్చింది. బి.ఏ. రెండో ఏడు చదివేదాన్ని, పిడికెడంత తెల్లకుక్కను పట్టుకుని ఆదివారాలు షికారు తిరగాలా అనుకున్నాను. ఇవాళ చర్చి నుంచి రాగానే నువ్వు చెప్పినట్టే బుద్ధ జయంతి పార్కుకు తీసుకెళ్లాను. అక్కడ మనుషులకు పేర్లు లేవు పెద్దమ్మా. బంటీ మమ్మీ, టఫీ అంకుల్, అంతా కుక్కల పేర్లే. "రవ్వా దీదీ కహాఁ హై?" అని నీ గురించి ఆరుగురు అడిగారు. ఇరవై మూడేళ్లు నర్సు ఉద్యోగం చేసి నువ్వు సంపాదించిన పేరు రవ్వా దీదీ. నువ్వు చెప్పమన్నట్టే అందరికీ పిత్తాశయంలో రాళ్లని చెప్పాను. గడ్డ మాట ఎత్తలేదు.

నీ బెంచీ మీద ఒక తెలుగాయన కూర్చుని ఉన్నారు. అనంతరామయ్యగారట, కృషి భవన్‌లో పనిచేసి రిటైరయ్యారట. ఆయనకూ ఒక చిన్న గోధుమరంగు కుక్క ఉంది, పేరు మోతీ. పార్కులో ఆయన్ని కూడా మోతీజీ అనే పిలుస్తున్నారు.

మొన్న త్యాగరాజు మాస్టారు తెలుగు క్లాసులో, మన భాషలో గౌరవం క్రియ చివర కూర్చుంటుంది అన్నారు. వచ్చింది, వచ్చాడు, వచ్చారు. అప్పటినుంచి ఆ 'రు' మీద నాకు ప్రేమ పుట్టింది. కుక్కలకు మాత్రం ఎందుకు ఉండకూడదు? కాబట్టి చిత్తగించు. ఈరోజు రవ్వగారు పార్కుకు విచ్చేశారు. బంటీగారు ఎదురొచ్చి ఆవిడ చెవి నాకారు. మోతీగారు బెంచీ కింద వేరుశనగ తొక్కలు ఆరగించి తుమ్మారు. మోతీగారి తర్వాత మోతీగారు కూడా తుమ్మారు.

నీ కుక్కకు కాపలా మనిషి,
రెబ్కా


వెల్లూరు
19 జనవరి 1981

రెబ్కాకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను, అందులో రెండుసార్లు అర్థం కాక. తుమ్మింది కుక్కో మనిషో తెలియలేదు. అమ్మాయ్, కుక్కలకు గారు పెట్టకు. మందుల చీటీ మీద ఒక్క అక్షరం తారుమారైతే ఏమవుతుందో చూసినదాన్ని నేను. నీ సరదాకు వేరే ఏదైనా చూసుకో.

రవ్వకు నెయ్యి రాసిన రొట్టె పెట్టొద్దు. భసీన్ ఆంటీ పెడుతుంది, నువ్వు పక్కకు తిరగ్గానే. పార్కు నుంచి రాగానే కాళ్లు గోరువెచ్చని నీళ్లతో తుడువు.

ఇక్కడ పరీక్షలన్నీ అయ్యాయి. రొమ్ములో గడ్డ తీసెయ్యాలంటున్నారు. నాతోపాటు ట్రైనింగ్ అయిన జయశీల ఈ వార్డులోనే నర్సుగా ఉంది, రోజూ వచ్చి కాగితం మీద సంతకం పెట్టమని పోరుతోంది. నేను ఎంతమంది చేత ఆ సంతకం పెట్టించానో. అప్పుడు ఆ కాగితం ఇంత బరువని తెలియలేదు. తీయించుకుంటే ఢిల్లీకి తిరిగి రావచ్చు. లేదంటే పాలకొల్లులో మీ అమ్మ దగ్గర ఓ మూల కూర్చోవాలి. దేనికోసం కోయించుకోవాలా అని ఆలోచిస్తున్నాను.

మోతీ ఎలా ఉంది? ఈ చలికి దానికి దగ్గు వస్తుంది. మెడకు మఫ్లరు చుట్టుకోమంటే వినదు. పొద్దున వట్టి కాఫీ తాగి బయల్దేరుతుంది. సరిగ్గా చూసి రాయి.

పెద్దమ్మ


ఓల్డ్ రాజిందర్ నగర్
1 ఫిబ్రవరి, ఆదివారం రాత్రి ఏడు

ప్రియమైన పెద్దమ్మకు,

కుక్క కాఫీ తాగడమేమిటి పెద్దమ్మా? మఫ్లరేమిటి? అక్కడ నీకేం మందులు ఇస్తున్నారని జయశీల ఆంటీకి ఉత్తరం రాద్దామనుకున్నాను.

సరే, నీ ఆజ్ఞ శిరసావహించాను. ఈరోజు నుంచి నియమం ఇది. మోతీ అంటే కుక్క. మోతీగారు అంటే మనిషి. 'రు' ఇక మనుషులకే. రాసి గోడకు అంటించాను కూడా.

ఇవాళ పార్కు కాదు, ఊరి బయట సూరజ్‌కుండ్ కోనేరు. టఫీ అంకుల్ మెటడోర్ వ్యానులో ఏడుగురం, నాలుగు కుక్కలు. బంటీ మమ్మీ దారి పొడుగునా పాటలు పాడింది, టఫీ దారి పొడుగునా వాంతి చేసుకుంది. సూరజ్‌కుండ్ మెట్ల మీద రవ్వ ఎవరి దగ్గరికైనా వెళ్లి ఒళ్లో కూర్చుంటోంది. ఫరీదాబాద్ నుంచి వచ్చిన కొత్త పెళ్లికూతురి ఒళ్లో అరగంట నిద్రపోయింది. వాళ్లాయన ఫోటో తీస్తానంటే ఆమె "పహలే ఇస్‌కా" అని కుక్కను ముందుకు పెట్టింది. నాకు ఢిల్లీలో ఏడాదిన్నరలో పరిచయం కానంతమంది ఈ కుక్క వల్ల నాలుగు ఆదివారాల్లో అయ్యారు.

నువ్వు అడిగిన మాట అడిగాను. "అంకుల్, మోతీ మఫ్లరు చుట్టుకుంటోందా అని మా పెద్దమ్మ అడిగింది" అన్నాను. అందరూ పగలబడి నవ్వారు. మోతీగారు నవ్వలేదు. సంచీలోంచి మెరూన్ రంగు మఫ్లరు తీసి తన మెడకు చుట్టుకుని, మిగిలిన కొస మోతీ మెడకు వేసి, "చుట్టుకున్నామని రాయి తల్లీ" అన్నారు. ఇద్దరూ ఒకే మఫ్లరులో అలాగే కూర్చున్నారు. ఎంత చిత్రమైన మనిషో.

పులిహోర తెచ్చారు, రెండు డబ్బాలు. రెండోది ఎవరికండీ అంటే, "అలవాటమ్మా" అన్నారు. నీ సంగతి కూడా అడిగారు. రాళ్లని చెప్పాను. "రాళ్లేనా, అయితే నెల తిరక్కుండా లేచి తిరుగుతారు సిస్టర్‌గారు" అని స్థిమితపడ్డారు.

రెబ్కా


వెల్లూరు
9 ఫిబ్రవరి 1981

రెబ్కాకు దీవెనలు.

ఆ రెండో డబ్బా ఎవరు తిన్నారు? నువ్వే తిని ఉంటావు. అందులో ఇంగువ ఎక్కువ వేస్తారు, నీకు పడదు, జాగ్రత్త.

సంతకం పెట్టాను. ఈ నెల 27, శుక్రవారం ఆపరేషన్. జయశీల కాగితం లాక్కుని పరిగెత్తింది, మళ్లీ మనసు మార్చుకుంటానేమోనని. నేనెందుకు మారుస్తాను. ఈ వయసులో ఇంకొన్ని ఆదివారాలు కావాలని అడగడం అత్యాశేమో తెలియదు. అడిగాను. ప్రార్థనలో కూడా అడిగాను, ఎన్ని అని చెప్పలేదు.

మోతీతో చెప్పు, ఏప్రిల్ కల్లా వచ్చేస్తానని. నేను లేకుండా మళ్లీ సూరజ్‌కుండ్ వెళ్లొద్దని కూడా చెప్పు.

నీ చదువు పాడు చేసుకోకు. మేడ మీద ఎండలో కూర్చుని చదువు, గదిలో లైటు చాలదు.

పెద్దమ్మ


ఓల్డ్ రాజిందర్ నగర్
15 ఫిబ్రవరి, ఆదివారం

పెద్దమ్మా,

సంతకం పెట్టావని చదివి మేడ మెట్లన్నీ ఒక్క ఊపులో దిగి భసీన్ ఆంటీని కౌగిలించుకున్నాను. ఆమె చేతిలో పిండి, నా స్వెట్టరు నిండా పిండి.

నువ్వు చెప్పమన్నది చెప్పేశాను. పార్కులో మోతీ ముందు మోకాళ్ల మీద కూర్చుని, చెవి ఎత్తి, గట్టిగా చెప్పాను. "మోతీ, మా పెద్దమ్మ ఏప్రిల్ కల్లా వచ్చేస్తుంది. తను లేకుండా మళ్లీ సూరజ్‌కుండ్ వెళ్లొద్దంది." మోతీ నా బుగ్గ నాకింది. మోతీగారు అటు తిరిగి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత, "మోతీ విన్నాడని రాయమ్మా. వెళ్లడని కూడా రాయి" అన్నారు.

బంటీ మమ్మీ నన్ను పక్కకు లాగి, "తూ బిల్కుల్ బుద్ధూ హై" అంది. నేను వట్టి మొద్దునట. ఎందుకో చెప్పలేదు. నేనేం తప్పు చేశానో నువ్వైనా రాయి.

బుధవారం నాకు పరీక్ష ఉంది. ఉంటాను.

రెబ్కా


(కార్డు)
ఢిల్లీ, 18 ఫిబ్రవరి, బుధవారం

పెద్దమ్మా,

ఇంత చిన్న కార్డు మీద ఎలా రాయాలో తెలియడం లేదు. మోతీగారు ఈ తెల్లవారుజామున కన్నుమూశారు. సోమవారం నుంచి ఏమీ ముట్టలేదు, ఆయాసపడ్డారు. కబురు తెలిసి నేనూ రవ్వా పటేల్ నగర్ ఇంటికి వెళ్లేసరికి చివరి ఘడియలు. రవ్వ దగ్గరగా వెళ్లి ముఖం వాసన చూసి వెనక్కి వచ్చి నా కాళ్ల మధ్య కూర్చుంది. మామూలు మాట రాయడానికి చెయ్యి రాలేదు. ఆదివారం అంతా రాస్తాను. ఏడవకు.

రెబ్కా


ఓల్డ్ రాజిందర్ నగర్
22 ఫిబ్రవరి, ఆదివారం

పెద్దమ్మా,

కార్డులో రాయలేనిది ఇప్పుడు రాస్తున్నాను. మోతీకి పదమూడేళ్లట, గుండె పెద్దదైందని డాక్టరు చెప్పాడు. అనంతరామయ్యగారు రెండు రాత్రులు దాన్ని ఒళ్లో పెట్టుకునే కూర్చున్నారు. టఫీ అంకుల్ మెటడోర్ తెచ్చారు. రిడ్జి అడవి అంచున తుమ్మచెట్ల దగ్గర గొయ్యి తీశాం. ఆయన ఎవరినీ పార ముట్టుకోనివ్వలేదు. అంతా అయ్యాక, "మీ ప్రార్థనలో కుక్కలకు చోటుందా అమ్మా?" అని అడిగారు. నాకు తెలియదన్నాను. అయినా ఒక కీర్తన చదివాను.

ఇవాళ ఆయన పార్కుకు వస్తారనుకోలేదు. వచ్చారు. కోటు జేబులో ఖాళీ గొలుసు ఉంది. కాసేపటికి, "రవ్వను కాసేపు నేను పట్టుకోనా? సిస్టర్‌గారు వచ్చేదాకా" అన్నారు. ఇచ్చాను. ఇద్దరూ బెంచీ దాకా నడిచి వెళ్లారు. శుక్రవారం నీ ఆపరేషన్ రోజున ఆయన ఉపవాసం ఉంటారట. నేను కూడా ఉంటాను.

రెబ్కా


వెల్లూరు
25 ఫిబ్రవరి 1981, బుధవారం

రెబ్కా,

నీ కార్డు మొన్న సోమవారం అందింది. ఆదివారం రాస్తానన్న ఉత్తరం ఇంకా రాలేదు. రేపటికి నేనిక్కడ ఉండను.

తలకొరివి ఎవరు పెట్టారు? పెద్దకొడుకు బొంబాయి నుంచి సమయానికి అందుకున్నాడా? ఆ ఇంట్లో ఆడదిక్కు లేదు, చివర్లో నోట్లో నీళ్లు పోసిందెవరు? నువ్వున్నావు కదా, నువ్వు పోశావా?

ఆ దగ్గు చలికి వచ్చేది కాదని నాకు తెలిసి ఉండాల్సింది. ఇరవై మూడేళ్లు ఇంకొకరి ఆయాసాలు లెక్కపెట్టాను. పక్కన కూర్చున్న మనిషి దగ్గితే మఫ్లరు చుట్టుకోమని ఊరుకున్నాను. ఒక్కసారి చెయ్యి పట్టుకుని నాడి చూసినా తెలిసేది. చెయ్యి పట్టుకోవడం ఎలా కుదురుతుందని చూడలేదు.

ఆపరేషన్ వద్దని చెప్పేశాను. సర్జన్‌గారు కోప్పడ్డారు. జయశీల ఏడ్చింది. ఏ కారణమూ చెప్పలేకపోయాను. రేపు పాలకొల్లు, మీ అమ్మ దగ్గరికి వెళ్తున్నాను. రవ్వను బంటీ మమ్మీకి ఇచ్చెయ్యి. ఆ బెంచీ వైపు మాత్రం తీసుకెళ్లొద్దు, వెతుక్కుంటుంది.

మీ అమ్మతో ఏమీ అనకు. అనడానికి కూడా ఏమీ లేదు. పదకొండేళ్లు ఒక బెంచీ మీద రెండు కుక్కలను మధ్యన పెట్టుకుని కూర్చున్నాం. అంతే.

పెద్దమ్మ


ఓల్డ్ రాజిందర్ నగర్
3 మార్చి 1981, మంగళవారం

పెద్దమ్మా,

అనంతరామయ్యగారు బతికే ఉన్నారు. చనిపోయింది కుక్క.

ఈ రెండు ముక్కలే పాలకొల్లుకు తంతి కూడా ఇచ్చాను. 'అనంతరామయ్య ఎలైవ్. డాగ్ డైడ్. ప్లీజ్ గో బ్యాక్ వెల్లూర్.' కౌంటర్‌లో గుమాస్తా రెండుసార్లు చదివి, "బెహెన్‌జీ, కుక్క కోసం తంతా?" అన్నాడు. అవునన్నాను.

మనిషైతేనే గారు అని నియమం పెట్టింది నేనే. గోడ మీది కాగితం ఇప్పటికీ అంటించే ఉంది. మోతీ నా కళ్లముందు ఊపిరి వదిలినప్పుడు, చచ్చిపోయింది అని రాయడం నీచం అనిపించింది. పదమూడేళ్లు అందరితో మంచిగా ఉన్న ప్రాణికి ఆఖరిసారి ఒక్క 'రు' ఇద్దామనుకున్నాను. కన్నుమూశారు అని రాసుకుని, మంచి మాట దొరికిందని నాలో నేను మురిసిపోయాను కూడా. ఆ మాట నీ దగ్గరికి ఎలా చేరుతుందో ఒక్క క్షణం ఆలోచించలేదు. నువ్వు మోతీ అని రాసిన ప్రతిసారీ ఎవరి గురించి అడిగావో ఇవాళ నీ ఉత్తరం చదివాకే తెలిసింది. పార్కులో నేను తప్ప అందరికీ తెలుసట.

పెద్దమ్మా, నన్ను తర్వాత తిట్టు. ముందు వెల్లూరు వెళ్లు. ఇంకో తేదీ ఇవ్వమని జయశీల ఆంటీకి కూడా ఈరోజే ఉత్తరం వేశాను. మొన్న ఆదివారం ఆయన కిన్నూ నారింజలు తెచ్చి, "శుక్రవారం అంతా సవ్యంగా జరిగిందా?" అని అడిగారు. ఇంకా ఉత్తరం రాలేదన్నాను. వచ్చే ఆదివారం ఏమని చెప్పను?

రెబ్కా


పాలకొల్లు
12 మార్చి 1981

రెబ్కా,

మంచం మీద పడుకుని రాస్తున్నాను, అక్షరాలు కూడబలుక్కుని చదువుకో.

తంతి ఐదో తారీకున వచ్చింది. "డాగ్ డైడ్ ఏమిటక్కా, దీనికి తంతి ఇవ్వాలా, ఈ పిల్లకు మతిపోయిందా?" అంది మీ అమ్మ. నేను నవ్వాను. ఎన్నాళ్లకో అంత నవ్వు వచ్చింది. నవ్వితే దగ్గు, దగ్గితే గుడ్డకు రక్తం అంటింది. మీ నాన్న భీమవరం తీసుకెళ్లి ఎక్స్‌రే ఫోటో తీయించారు. ఊపిరితిత్తుల్లోకి దిగింది. ఇక వెల్లూరు వెళ్లినా కోసేదేమీ లేదు.

ఒక మాట గట్టిగా విను. శుక్రవారం కోసినా ఇంతే అయ్యేది. గడ్డ ఎప్పుడో దిగింది. నీ 'రు' వల్ల దిగలేదు. రోగులతో ఓదార్పుకు చాలా అబద్ధాలు చెప్పాను గాని, నీతో చెప్పడం లేదు.

నువ్వు మాటల పిల్లవి కాబట్టి ఇంకొకటి రాస్తున్నాను, మీ అమ్మ ఉత్తరం చూడకుండా నేనే అంటిస్తాను. నీ కార్డుకూ తంతికీ మధ్య పది రోజులు. ఆ పది రోజులూ నేను ఎవరికోసం ఏడుస్తున్నానో ఎవరికీ చెప్పుకోలేకపోయాను. రైల్లో ఏడ్చాను, ఇక్కడ గదిలో ఏడ్చాను. ఎందుకు అంటే నొప్పి అన్నాను. మొగుడు పోయినదాని పక్కన నలుగురు కూర్చుంటారు. నాకు మాత్ర ఇచ్చి తలుపు దగ్గరగా వేశారు. మాత్ర వేసుకుని పడుకున్నాను.

తర్వాత ఆయన బతికి ఉన్నారని తెలిసింది. ఇంకేం కావాలి. కాని ఇప్పుడు పోయేది నేను. నేను పడ్డట్టు ఆయన ఒంటరిగా, ఆలస్యంగా తెలుసుకుని పడకూడదు. రాళ్లు కాదని చెప్పు. గడ్డ అని చెప్పు. ఎక్కువ రోజులు లేవని చెప్పు. నేను చెప్పమన్నానని చెప్పు. ఈసారి కుక్క చెవిలో వద్దు.

రవ్వను ఇచ్చెయ్యలేదు కదా?

పెద్దమ్మ


ఓల్డ్ రాజిందర్ నగర్
19 మార్చి 1981, గురువారం సాయంత్రం

పెద్దమ్మా,

రవ్వను ఇవ్వలేదు. నా కాళ్ల దగ్గరే నిద్రపోతోంది.

నీ ఉత్తరం మొన్న అందింది. వెంటనే పటేల్ నగర్ వెళ్లాను. ఆయన చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నారు. నిలబడే చెప్పేశాను, కూర్చుంటే చెప్పలేనని. రాళ్లు కాదు, గడ్డ. ఆపరేషన్ జరగలేదు. ఇక జరగదు. నా కార్డు సంగతి కూడా దాచలేదు. మీరు పోయారనుకుని వద్దందని చెప్పాను. ఆయన ఇస్త్రీపెట్టె స్విచ్చి తీసి, దాని తీగ చుట్టి, అలమారులో పెట్టారు. వేడిగా ఉన్నదాన్నే పెట్టేశారు.

"రాళ్లన్నావు కదమ్మా" అన్నారు చివరికి.

నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. "నేను పోయాననుకుని..." అని ఆగి, మళ్లీ "నేను పోయాననుకునా" అన్నారు.

వెళ్దాం అంకుల్ అన్నాను. "ఏమని రాను తల్లీ? పదకొండేళ్లు సిస్టర్‌గారూ అని పిలిచాను. ఆ పిలుపు పెట్టుకుని ఇంకేం చెప్పగలను? మీ అమ్మగారు గుమ్మంలో నిలబడి ఎవరండీ మీరు అంటే నేనెవర్ని?" అన్నారు. "నువ్వు మాటలు చదువుకుంటున్నావు. మాకు ఒక మాట చూసి పెట్టు."

రెండు రోజులు వెతికాను పెద్దమ్మా. స్నేహితుడంటే పాలకొల్లులో ఊరుకోరు. చుట్టమంటే కులం అడుగుతారు. తెలిసినవారంటే అది అబద్ధం కంటే అన్యాయం. డిక్షనరీ ముందేసుకుని కూర్చున్నాను. మీ ఇద్దరికీ సరిపోయే మాట నాకు దొరకలేదు.

నువ్వు శుక్రవారం కోసినా ఇంతే అన్నావు. అది నిజమో, నాకోసం చెప్పిన మాటో నాకు ఎప్పటికీ తెలియదు. అడగను. నమ్ముతానని కూడా చెప్పలేను.

ఇవాళ మధ్యాహ్నం అమ్మ తంతి వచ్చింది. 'సిస్టర్ సీరియస్. స్టార్ట్ ఇమ్మీడియట్లీ.' భసీన్ ఆంటీకి చదివి వినిపిస్తే ఆమె రొట్టెలు చేయడం మొదలుపెట్టింది, దారికి. రవ్వను తీసుకుని మళ్లీ పటేల్ నగర్ వెళ్లాను. ఆయన తంతి చదివి, మడత మీదే మళ్లీ మడిచి నా చేతికిచ్చారు. ఇలాంటి తంతులు ఆయన ఇదివరకు అందుకున్నారు. సీరియస్ అంటే ఏమిటో ఇద్దరం ఒకరినొకరు అడగలేదు.

రవ్వ ఆయన ఒళ్లోకి ఎక్కింది. ఆయన దాని వీపు నిమిరారు.

"కుక్కను తెచ్చినవాణ్ణని చెబుతాను" అన్నారు. "సిస్టర్‌గారి కుక్కను ఆవిడకు ఒకసారి చూపించాలని ఢిల్లీ నుంచి తెచ్చాను, అంటాను. దానికి ఎవరూ ఏమీ అనరు కదమ్మా?"

అనరు అన్నాను.

రేపు సాయంత్రం జి.టి. ఎక్స్‌ప్రెస్‌కు బయల్దేరుతున్నాం, విజయవాడలో దిగి అక్కడినుంచి బస్సు. టఫీ అంకుల్ స్టేషన్‌లో అడిగి వచ్చారు. కుక్కను పెట్టెలో మన దగ్గర ఉంచనివ్వరట, వెనక గార్డు పెట్టెలో గూట్లో పెట్టాలట. నీళ్లివ్వడానికి ప్రతి పెద్ద స్టేషన్‌లో దిగుతానని మోతీగారు అన్నారు. ఆయన దిగితే నేనూ దిగుతాను. ఈ ఉత్తరం కూడా అదే బండిలో వస్తుంది, మాకంటే ఒక రోజు వెనక నీ ఇల్లు చేరుతుంది. నువ్వు చదువుతావో లేదో తెలియదు. మేము వచ్చేదాకా ఉంటే ఇది చదవాల్సిన పనే లేదు.

బండి సాయంత్రమైనా, టికెట్ల కోసం రేపు ఉదయం ఆరింటికే న్యూఢిల్లీ స్టేషన్ పార్శిల్ ఆఫీసు దగ్గర కలుసుకుంటాం. ముందు రవ్వ టికెట్టు రాయించాలి. మా ఇద్దరివీ ఆ తర్వాత.

రెబ్కా